ఎనిమిదో దీపం

డాక్టర్ శేషారత్నానికి గోడలంటే పిచ్చి. కొత్త కోడలిగా ఇంట్లో అడుగుపెట్టిన రోజున, అందరూ దేవుడికి దణ్ణం పెట్టుకోమంటుంటే, ఈవిడ వంటింటి గోడను గోటితో గీకి వాసన చూసిందని అత్తగారు అచ్చయ్యమ్మ ఇప్పటికీ వచ్చినవాళ్ళందరికీ చెబుతుంది. ఆ గీకుడే ఇరవయ్యేళ్ళకు, పోలీసు ప్రయోగశాలలో, పొరదర్శిని అనే యంత్రం అయింది. పోలీసులు మాత్రం దాన్ని గోకుడు పెట్టె అంటారు.

గోదావరి ఒడ్డున ఉన్న రేవుపాలెంలో ఆ పెట్టె మొదటిసారి హత్య జరిగిన ఇంట్లోకి వెళ్ళింది ఒక కార్తీకమాసంలో, శుక్రవారం మధ్యాహ్నం. సోమవారం మొదలైన తుపాను నాలుగు రోజులు ఊరిని ఊపేసి అప్పుడే తెరిపి ఇచ్చింది. వీధిలో ఇంకా మోకాలి లోతు నీళ్ళు.

చనిపోయినావిడ పేరిందేవమ్మ, రిటైరైన టీచరు. కింద వాటాలో ఒంటరిగా ఉండేది. మోకాళ్ళ నొప్పులతో గడప దాటి చాలా కాలమైంది. మేడ మీద అద్దెకుండేవాడు తాతబ్బాయి. నీళ్ళ మోటార్లు, మిక్సీలు బాగుచేస్తాడు. విశాఖపట్నంలో బంధువుల పెళ్ళికని సోమవారం తెల్లవారుజాము రైలుకు భార్యతో వెళ్ళి, రైళ్ళు ఆగిపోయి, శుక్రవారం పొద్దున తిరిగొచ్చాడు. కింద తలుపు ఓరగా ఉంది. పిలిచాడు, లోపలికి వెళ్ళాడు, కేకలు వేసుకుంటూ బయటికొచ్చాడు.

శేషారత్నం వెళ్ళేసరికి అతను మేడమెట్ల మీద కూర్చుని వణుకుతున్నాడు. భార్య మంగతాయారు పక్కన నిలబడి అతని భుజం పట్టుకుని ఉంది.

"లోపల ఎక్కడ పడితే అక్కడ కాలు పెట్టకండి మేడమ్‌గారూ," అన్నాడు సీఐ ముత్యాలరావు. పెద్ద ఒళ్ళు, మెత్తటి గొంతు. "సుద్దగీత పక్కనే రండి. వేలిముద్రల వాళ్ళ పనైపోయింది. గాజులు, పలకసర్లు పోయేయి. పచ్చడి బండతో కొట్టేడు. వాన నీళ్ళు లోపలికొచ్చి అడుగుల గుర్తులన్నీ కడిగేసేయి."

శవాన్ని అప్పటికే తీసుకెళ్ళారు. వంటింట్లో నేల మీద సుద్దతో గీసిన ఆకారం, పక్కన నంబరు అట్టలు. ఫొటోగ్రాఫరు గట్టు మీద బోర్లించిన గిన్నెల్ని, పొయ్యిని, పక్కగదిలో దేవుడి గూటిని, అందులో ఎండిపోయిన ప్రమిదని వరసగా ఫొటోలు తీసుకుంటున్నాడు. శేషారత్నం వాటిని చూసింది. చూసి వదిలేసింది. ఆవిడ కళ్ళు గోడ మీదే ఉన్నాయి.

పొయ్యికి ఎదురుగా మనిషెత్తున పెట్టె ఆనించింది. గోరంత మేర సన్నటి వెలుగు పడింది. పెట్టెలోంచి కాగితం చుట్ట బయటికి రాసాగింది.

"ఏం చెబుతుందండీ?" అన్నాడు ముత్యాలరావు.

"పోపు పెట్టినప్పుడల్లా పొగ వెళ్ళి గోడకి అంటుకుంటుంది కదండీ. వెంట్రుకలో వెయ్యో వంతు మందం. దాని మీద ఇంకోటి, దాని మీద ఇంకోటి. ఇది ఒక్కో పొరా కాల్చి వాసన పట్టి, అడుగు నుంచి పైకి వరసగా రాస్తుంది. ఇదిగో చూడండి, గంధకం. మతాబుల పొగ. అంటే దీపావళి, పోయిన గురువారం రాత్రి. దాని మీద ఎన్ని పోపులుంటే అన్ని పూటలు ఈవిడ బతికుందన్న మాట."

"తేదీ కూడా వేస్తుందా?"

"దీనికి పొర తెలుసు గాని తేదీ తెలీదు. అది మనం వేసుకోవాలి."

గంధకం మీద ఆరు పోపులున్నాయి. శుక్రవారం రెండు, శనివారం రెండు, ఆదివారం రెండు. ఆరోదాని మీద ఏమీ లేదు. అంటే ఆదివారం రాత్రి వంటే ఆఖరి వంట. సోమవారం పొయ్యి వెలగలేదు.

ముత్యాలరావు బయటికి వెళ్ళి తాతబ్బాయి వైపు చూశాడు. ఆదివారం రాత్రి ఆ ఇంటి ఆవరణలో పేరిందేవమ్మ కాక ఇంకెవరున్నారు? అప్పటికే పక్కింటి వీరాస్వామి ప్రహరీగోడ మీద మోచేతులు ఆనించి, చుట్ట పీలుస్తూ, వివరంగా చెప్పేశాడు. కాలవల మీద నీళ్ళు వదిలే లస్కరుగా చేసి రిటైరైన మనిషి. ఆదివారం రాత్రి మోటారు దగ్గర తాతబ్బాయికీ ఆవిడకీ పెద్ద గొడవ జరిగిందన్నాడు.

"లోపలికి రండి వీరాస్వామిగారూ, వాంగ్మూలం రాసుకుంటాం," అన్నాడు ముత్యాలరావు.

"రాను బాబూ. ఈ గోడ తగాదా వచ్చిన కాణ్ణించీ ఆరేళ్ళయింది, ఆవిడ గడప తొక్కలేదు నేను. ఇప్పుడు తొక్కుతానా? ఇక్కణ్ణించే రాసుకోండి."

అక్కణ్ణించే రాసుకున్నారు. గొడవ మాట నిజమేనని తాతబ్బాయి కూడా ఒప్పుకున్నాడు. సాయంత్రానికి అతన్ని జీపెక్కించారు.

*

కేసు కోర్టుకొచ్చింది. శవపరీక్ష చేసిన డాక్టరు చనిపోయి నాలుగు రోజులంటాను, అటూ ఇటూ ఒక రోజు అని చేతులు దులుపుకున్నాడు. అంతా గోడ మీదే నిలబడింది. సోమవారం మధ్యాహ్నం తాతబ్బాయి విశాఖపట్నం పెళ్ళిపందిట్లో ఉన్నట్టు ఫొటోలున్నాయి, కాదని ఎవరూ అనలేదు. ఆదివారం రాత్రికి మాత్రం అతని తరఫున చెప్పేది భార్య ఒక్కతే.

అతని వకీలు తెలివైనవాడే. బోనులో ఉన్న శేషారత్నాన్ని సూటిగా అడిగాడు. "ఆ సోమవారం కార్తీక సోమవారమండి. ఆవిడ ఉపవాసముండి ఉంటుంది. అందుకే వండుకోలేదేమో?"

ఈ ప్రశ్న వస్తుందని శేషారత్నానికి ముందే తెలుసు. జవాబు సిద్ధంగా ఉంది. పొరదర్శినికి కొలత నేర్పింది తన ఇంటి వంటింటి గోడే. ఏడాది పొడుగునా అత్తగారు రోజుకు రెండు పోపులు వేసింది. అత్తగారూ కార్తీక సోమవారాలు ఉపవాసముండే మనిషే. అయినా ఆ గోడ మీద కార్తీకమాసమంతా ఒక్క పూట కూడా ఖాళీ లేదు. దేవుడి నైవేద్యానికైనా వండుతారు కాబోలని శేషారత్నం అనుకుంది. అడగలేదు. అడగాలని తోచను కూడా లేదు.

"ఉపవాసం మనిషికి గాని పొయ్యికి కాదండి," అంది.

కోర్టు హాలంతా నవ్వింది. మర్నాడు పేపర్లలో అదే మాట పెద్దక్షరాలతో వచ్చింది. పొరదర్శినికి రాష్ట్రస్థాయి బహుమతి ప్రకటించారు. శేషారత్నం చాలా సంతోషించింది. సంతోషించదా మరి, ఇరవయ్యేళ్ళు గోడలు గీకిన మనిషి.

ఒక్క మంగతాయారు మాత్రం ప్రతి శుక్రవారం ప్రయోగశాల గేటు దగ్గరకొచ్చి నిలబడేది. తిట్టేది కాదు, ఏడ్చేది కాదు. కారు ఆగితే అద్దం దగ్గరకొచ్చి ఒకటే మాట.

"ఇంకోసారి చూడండమ్మా ఆ గోడ."

"గోడ అబద్ధం చెప్పదమ్మా," అని శేషారత్నం అద్దం ఎత్తేసేది. తర్వాత తర్వాత ఆపడం కూడా మానేసింది.

*

మళ్ళీ కార్తీకం వచ్చింది. శుక్రవారం తీర్పు, ఆ పై వారం బహుమతి. మంగళవారం మధ్యాహ్నం పై జిల్లాల నుంచి శిక్షణకు వచ్చిన నలుగురు ఇన్‌స్పెక్టర్లను శేషారత్నం తన ఇంటికే తీసుకొచ్చింది. పాఠం ఆ గోడ దగ్గరే చెప్పాలని ఆవిడ ముచ్చట. భర్త ఓడరేవులో ఉద్యోగం, వారానికోసారి వస్తాడు. ఇంట్లో ఉండేది అత్తా కోడళ్ళిద్దరే.

"ఈ ఏడు దీపావళి శుక్రవారం. శని, ఆది, సోమ, మూడు రోజులకి ఆరు. ఇవాళ పొద్దున ఒకటి. గంధకం మీద ఏడు రావాలి, చూడండి," అంటూ పెట్టె ఆనించింది.

అయిదే వచ్చాయి.

వాళ్ళలో ఒకతను మర్యాదగా గొంతు సవరించుకున్నాడు. శేషారత్నం పెట్టెను తట్టింది. రెండడుగులు జరిగి ఇంకోచోట గీకింది. అక్కడా అయిదే. శనివారం రెండు, ఆదివారం రెండు, ఆ పైన పొద్దుటి తోటకూర పులుసు పోపు. మధ్యలో సోమవారం లేనే లేదు.

"అత్తయ్యా," అని పిలిచింది నవ్వు పులుముకుని. "నిన్న మనింట్లో పొయ్యి వెలగలేదంటోంది మిషను. ఏం మాయ చేసేరు?"

అచ్చయ్యమ్మ వసారాలో వత్తులు చేసుకుంటోంది. తల ఎత్తలేదు. "మాయేంటే. నిన్న సోమవారం. నేను తినను, నువ్వేమో ఆఫీసులో విందని చెప్పి వెళ్ళేవు. సందేళ దీపం పెట్టుకుని నాలుగు అటుకులు, బెల్లం ముక్క నోట్లో వేసుకున్నాను. ఎవరి కోసం వెలిగించాలి పొయ్యి?"

"మరి దేవుడి నైవేద్యం?"

"అరటిపండు పెట్టేను. ఆయనేమీ అనలేదు."

శేషారత్నం వసారాలోకి వచ్చింది. "పరీక్ష జరిగిన ఏడాది సోమవారాలు కూడా పోపు పడిందిగా అత్తయ్యా. ఒక్క పూట తప్పలేదు."

"తప్పనిస్తానా? రోజుకి రెండు పోపులని నీ పుస్తకంలో రాసుకున్నావు. నా ఉపవాసం వల్ల నీ మిషను పాడైపోతే? అందుకని ఉత్తి పప్పు ఉడకబెట్టి, రెండు పూట్లా పోపేసి, కాకులకి పెట్టేదాన్ని. ఆ ఏడు మన పెరట్లో కాకులు ఎంత బలిసేయో నీకేం తెలుసు, నువ్వు పైకి చూస్తే కదా." వత్తి ఒకటి నలిపి పళ్ళెంలో వేసింది. "పరీక్ష అయిపోయిందన్నావుగా, ఈ ఏడు మానేసేను. ఏమే, తప్పా?"

తప్పు అచ్చయ్యమ్మది కాదు. ఆవిడ ప్రేమకొద్దీ చేసింది. అడగకపోవడం శేషారత్నానిది. సంవత్సరం పాటు పక్కనే ఉన్న మనిషిని వదిలేసి గోడను అడిగింది.

శిక్షణకు వచ్చినవాళ్ళకు కాఫీ ఎవరిచ్చారో, వాళ్ళెప్పుడు వెళ్ళారో ఆవిడకు గుర్తులేదు. నేరుగా ఆఫీసుకు వెళ్ళి కేసు ఫైలు తెరిచింది. పదహారో పేజీలో వంటింటి ఫొటో. గట్టు మీద కడిగి బోర్లించిన గిన్నెలు. నలభై ఆరో పేజీలో శవపరీక్ష. కడుపు ఖాళీ. ఆదివారం రాత్రి వండుకుని, తినకముందే చనిపోతే అన్నం గిన్నెలోనే ఉండాలి. తిన్నాక చనిపోతే కడుపులో ఉండాలి. తిని, గిన్నెలు కడిగి బోర్లించి, మర్నాడంతా ఏమీ తినకుండా ఉంటేనే రెండూ కుదురుతాయి. ఏడాది నుంచి ఆ రెండు కాగితాలు ఒకే ఫైలులో ముప్పై పేజీల దూరంలో ఉన్నాయి. ఎవరూ పక్కపక్కన పెట్టి చూడలేదు.

శేషారత్నానికి మంగతాయారు గొంతు వినిపించింది. ఇంకోసారి చూడండమ్మా. ఏడుపొచ్చింది. ఏడ్చింది. ముఖం కడుక్కుని స్టేషనుకు బయలుదేరింది.

*

ముత్యాలరావు అంతా విన్నాడు.

"మేడమ్‌గారూ, ఆవిడ సోమవారం ఉపవాసం ఉండొచ్చు. ఉండకపోనూ వచ్చు. మీకు అనుమానమే కదా, రుజువు లేదు."

"రుజువుంటే ఆ ఇంట్లోనే ఉంటుందండి. ఏడాదిగా సీలులో ఉంది. గోడ ఎవరూ ముట్టుకోలేదు."

"గోడ చూసేసేం కదా."

"వంటింటి గోడ చూసేం. శవం ఉన్న గదిలోనే చూడాలని నేనే నియమం పెట్టేను. పొయ్యి వెలిగించని రోజున కార్తీకంలో ఆడవాళ్ళు ఏం వెలిగిస్తారండీ?"

ముత్యాలరావు కుర్చీలో కదిలాడు. అతని తల్లి కూడా కార్తీకం చేసేదే. "దీపం," అన్నాడు మెల్లిగా. "సూర్యుడు రాకముందోటి, సందేళ ఒకటి."

"దేవుడి గూటిలో నెయ్యి దీపం. దానికీ మసి పడుతుంది. దాన్ని మనం ఫొటో తీసి వదిలేసేం."

"బహుమతి ఇంకో పది రోజులే కదా మేడమ్. ఇప్పుడు మీ నోటితో మీరే..." అని ఆపేశాడు. ఆవిడ ముఖం చూశాక ఆ మాట అన్నందుకు సిగ్గుపడ్డాడు. లేచి టోపీ పెట్టుకున్నాడు. "పదండి. నేను కూడా సంతకం పెడతాను. వాణ్ణి జీపెక్కించింది నేనే కదా."

బుధవారం శేషారత్నం జడ్జిగారి ముందు నిలబడింది. "అప్పుడు నేనొక మాట అన్నానండి. అందరూ నవ్వేరు. ఆ మాట తప్పండి. మిషను తప్పు చెప్పలేదు. దాని మాటకి నేను తప్పు అర్థం చెప్పేను."

జడ్జిగారు కళ్ళజోడు తీసి ఆవిడ వైపు చూశారు. తీర్పు వాయిదా వేసి, మర్నాడే ఇల్లు తెరిచి మళ్ళీ పరీక్ష చేయమని ఉత్తర్వు రాశారు. మళ్ళీ ఆరు పొరలే వస్తే ఏం చేస్తారని మాత్రం ఒక్కమాట అడిగారు. ఆరు దీపాలే ఉంటే తాతబ్బాయి ఇక బయటికి రాడు. ఆవిడకు మిగిలిన ఆశల్లా ఒక ముసలావిడ ఏడాది కిందట పెట్టిందో లేదో తెలియని దీపం.

*

గురువారం మధ్యాహ్నం సీలు పగలగొట్టారు. ఈసారి ముత్యాలరావు చెప్పకముందే శేషారత్నం చెప్పులు గుమ్మం బయట విడిచింది. వకీలు వెనకాలే వచ్చాడు. మంగతాయారును లోపలికి రానివ్వలేదు. వీధిలో నిలబడింది. వీధి వీధంతా చుట్టూ చేరింది. వీరాస్వామి తన ప్రహరీ మీద అవే మోచేతులు ఆనించి చూస్తున్నాడు.

వంటింట్లో సుద్దగీతలు చెరిగిపోయి మరకల్లా ఉన్నాయి. శేషారత్నం ఆగకుండా పక్కగదిలోకి వెళ్ళింది. గూడు గోడలో చిన్న బీరువా అంత ఉంది. ప్రమిద అక్కడే ఉంది. పైకప్పు నల్లగా మసిబారి ఉంది. ముప్పై ఏళ్ళ దీపాల మసి అది.

పెట్టెను గూటిలోకి తిప్పి ఆనించింది. రెండు చేతులతో పట్టుకుంది. కాగితం రాసాగింది.

మొదట అక్కరలేని పాత పొరలొచ్చాయి, అడుగువి. తర్వాత గంధకం.

"దీపావళి," అన్నాడు ముత్యాలరావు.

"ఆవునెయ్యి. శుక్రవారం తెల్లవారుజాము," అంది శేషారత్నం. "ఆవునెయ్యి, సందేళ." వేళ్ళు మడుస్తూ లెక్కపెట్టింది. శనివారం రెండు. ఆదివారం రెండు. ఆరు.

కాగితం ఆగలేదు.

"ఏడు. సోమవారం తెల్లవారుజాము."

ఏడోది చాలదు. ఆ వేళకి తాతబ్బాయి మేడ మీదే, రైలుకు బయలుదేరుతూ ఉన్నాడు. కాగితం ఇంకో అంగుళం వచ్చింది.

"ఎనిమిది," అంది శేషారత్నం. మళ్ళీ అంది. "ఎనిమిదండీ. సోమవారం సందేళ ఈవిడ బతికుంది. దీపం పెట్టుకుంది. అతను అప్పుడు విశాఖపట్నంలో పెళ్ళిపందిట్లో ఉన్నాడు."

ముత్యాలరావు కిటికీ రెక్క తోసి వీధిలోకి కేకేశాడు. "మంగతాయారూ. మీ ఆయన కాదమ్మా. మీ ఆయన కాదు."

వీధిలో ఒక్కసారి గోల లేచింది. ఆ గోలలో మంగతాయారు గొంతు లేదు. ఆవిడ ఆవరణలోకి వచ్చి మేడమెట్ల మీద, ఏడాది కిందట భర్త కూర్చున్న మెట్టు మీదే కూర్చుండిపోయి రెండు చేతుల్లో ముఖం దాచుకుంది.

శేషారత్నం మాత్రం కాగితం వైపే చూస్తోంది. ఎనిమిదో పొర ఇంకా పూర్తి కాలేదు. ఆవునెయ్యితో కలిసిపోయి ఇంకేదో ఉంది. ఒకదాని మీద ఒకటి కాదు, రెండూ ఒకే పొరలో కలిసి ఉన్నాయి. అంటే ఆ దీపం వెలుగుతుండగానే, దాని పక్కనే, ఆ రెండో పొగ పుట్టింది. పొగాకు. లవంగం. బెల్లం పాకం.

"ఈ దీపంతో ఎవరో చుట్ట ముట్టించుకున్నారండి," అంది.

తెరిచిన కిటికీలోంచి సన్నగా వాసన వస్తోంది. పోయినేడు కూడా ఇదే వాసన వచ్చింది. గోడలు తప్ప ఏమీ చూడని శేషారత్నానికి ఆ రోజు అది పట్టలేదు.

ముత్యాలరావు తీరిగ్గా బయటికి నడిచాడు. ప్రహరీ దగ్గరకు వెళ్ళి చెయ్యి చాపాడు. "వీరాస్వామిగారూ, ఆ చుట్ట ఒకటి ఇలా ఇస్తారా?"

"మీరు కాలుస్తారని తెలీదే బాబూ."

"నేను కాల్చను. లవంగం మీరే కలుపుకుంటారా?"

"నేను చుట్టుకునే చుట్టలే. లవంగప్పొడి, బెల్లప్పాకం. ఈ ఊళ్ళో ఇంకెవరికీ చేతకాదు," అన్నాడు వీరాస్వామి. అలవాటైన గొప్ప అది, నోటికి వచ్చేసింది. అన్నాక ముత్యాలరావు ముఖం చూశాడు. కిటికీలో కాగితం పట్టుకుని నిలబడ్డ శేషారత్నాన్ని చూశాడు.

"ఆరేళ్ళుగా ఆవిడ గడప తొక్కలేదని మీరే చెప్పేరు, నేనే రాసుకున్నాను," అన్నాడు ముత్యాలరావు అదే మెత్తటి గొంతుతో. "మరి మీ చుట్ట పొగ ఒక్కటే వెళ్ళి ఆవిడ దేవుడి దీపంతో ముట్టించుకుని వచ్చిందంటారా?"

వీరాస్వామి వసారా పైకప్పును అప్పుడే గీకారు. ఇరవయ్యేళ్ళ లవంగం, బెల్లం, పొగాకు. గూటిలో ఉన్నదీ అదీ ఒకటేనని పెట్టె రాసింది. పొగాకు కాడలు దాచుకునే రేకుపెట్టె అడుగున పేరిందేవమ్మ గాజులు, పలకసర్లు గుడ్డలో చుట్టి దొరికాయి. కరెంటు లేదు, అగ్గిపెట్టె ఇమ్మని తలుపు కొట్టాడట. పాత పగ మనసులో పెట్టుకోక పేరిందేవమ్మ తలుపు తీసింది. అన్నీ చేశాక చేతులు వణికితే చుట్ట కావాలనిపించింది. వానకి తన అగ్గిపెట్టె నిజంగానే తడిసిపోయింది. ఎదురుగా దీపం వెలుగుతోంది. ఇదంతా అతను జీపులో చెప్పాడు, ఎవరూ అడగకుండానే.

*

తాతబ్బాయిని వదిలేసిన రోజున కోర్టు హాల్లో శేషారత్నం లేచి నిలబడి, అందరి ముందూ అతనికి క్షమాపణ చెప్పింది. బహుమతి తనకు వద్దని ముందే ఉత్తరం రాసేసింది. అతను చేతులు జోడించలేదు. కోపగించుకోనూ లేదు.

"ఏడాది పోయిందండి," అన్నాడు. "అది మీరు తెచ్చివ్వలేరు. మళ్ళీ చూసేరు. అదొకటుంది."

ఆదివారం భోజనానికి రమ్మని మంగతాయారు కబురు పెట్టింది. వెళ్ళడానికి శేషారత్నానికి ధైర్యం చాల్లేదు. అచ్చయ్యమ్మ పట్టుచీర కట్టుకుని గుమ్మంలో నిలబడి, "రావే, కాకులకి పెట్టిన పప్పు పాపం నాది కూడా," అని లాక్కెళ్ళింది.

భర్త జైల్లో ఉన్నన్నాళ్ళూ మంగతాయారు కాలవ గట్టున ఒంటిగదిలో ఉంది. ఇప్పుడూ అక్కడే ఉన్నారు. తాతబ్బాయి బయట ఎవరిదో మోటారు విప్పుకుని కూర్చున్నాడు. వాళ్ళను చూసి లేచి పీట వేశాడు. గదిలో ఒక మూల పొయ్యి. వెనకాల గోడ మీద మసి పలచగా, లేత గోధుమరంగులో ఉంది. శేషారత్నం చూపు అలవాటుగా అటే పోయింది. ఏడాదికి ఎంత మసి పట్టాలో ఆవిడకు తెలుసు. ఇది అందులో సగం కూడా లేదు.

మంగతాయారు ఆ చూపు గమనించింది. వచ్చి గోడకు అడ్డంగా నిలబడింది.

"మిషను తెచ్చేరా అమ్మా?"

"లేదమ్మా."

"మంచి పని చేసేరు. ఈ గోడ చూడకండి. మా ఆయన్ని చూడనివ్వకండి." గొంతు తగ్గించింది. "ఏ పూట తిన్నానో, ఏ పూట మానేనో అన్నీ ఇది చెప్పేస్తుంది. ఆయనకి తెలీక్కర్లేదు."

"నేను చెప్పను. నా మిషనూ చెప్పదు," అంది శేషారత్నం. ఆవిడ చెయ్యి పట్టుకుంది. కళ్ళనీళ్ళు ఆగలేదు, ఆపుకోలేదు కూడా. "ఆ అద్దం ఎత్తేసేనమ్మా నేను. ప్రతి వారం ఎత్తేసేను."

"దించేరు కదా చివరికి. కూర్చోండి. పప్పు చల్లారిపోతుంది."

ఆ తర్వాతి నెలల్లో పొరదర్శిని రాష్ట్రంలో ప్రతి జిల్లాకూ వెళ్ళింది. దాంతోపాటు శేషారత్నం కొత్తగా రాసిన నియమాల పుస్తకం వెళ్ళింది. మొదటి నియమం పెట్టె గురించి కాదు. గోడ ముట్టుకునే ముందు ఆ ఇంటినీ ఆ వీధినీ ఎరిగిన ఆడవాళ్ళను కూర్చోబెట్టి అడగండి, ఈ ఇంట్లో ఏ రోజు పొయ్యి వెలగదు అని. రెండో నియమం, ఇంట్లో అన్ని గదులూ చూడండి. ఆ పుస్తకం ముందుపేజీలో ఇద్దరికి కృతజ్ఞతలు చెప్పింది. ఒకరు అచ్చయ్యమ్మ. ఇంకొకరు ఇంకోసారి చూడమన్న మంగతాయారు.

ఆ ఆదివారం మాత్రం శేషారత్నం ఏమీ రాయలేదు. పీట మీద కూర్చుని చూసింది. పొయ్యి మీద మూకుడు కాగింది. మంగతాయారు నూనె వంచుతుంటే, పక్కనే బాసింపట్టు వేసుకుని కూర్చున్న అచ్చయ్యమ్మ, "ఇంకాస్త పోయవే, ఇవాళ్టికి పిసినారితనమేంటి," అంది. మంగతాయారు నవ్వి ఇంకాస్త వంచింది. ఆవాలు, ఎండుమిరపకాయలు, ఇంగువ వేసింది. మూకుడు చిటపటలాడింది. ఘాటుకు బయటున్న తాతబ్బాయి గట్టిగా తుమ్మాడు.

పొగ లేచి, మెల్లిగా వెళ్ళి గోడకు అంటుకుంది.